ఎంతమంది, ఎంత దగ్గర

జూన్ 9, సోమవారం

హాలు ఖాయమైపోయింది. డైరెక్టర్ సల్వసియోన్ పొద్దున్నే అందర్నీ పిలిచి చెప్పేసింది. జులై నుంచి రెండు నెలల పాటు మా పరిశోధన సంస్థలో ఎవరికీ సొంత గది ఉండదు. చీమలవాళ్లు, చేపలవాళ్లు, వరివాళ్లు, లెక్కలవాళ్లు, మనుషుల మీద పరిశోధన చేసే నాలాంటివాళ్లు, నలభై మందిమీ కొండవైపు కట్టిన కొత్త హాల్లో ఒకే కప్పు కింద కూర్చోవాలి. ఎవరు ఎక్కడున్నారో, ఎవరి దగ్గరికి ఎన్నిసార్లు వెళ్లారో, ఎంతసేపున్నారో పసిగట్టే చిన్న బిళ్ల అందరి మెడలోనూ వేలాడుతుంది. ఆ లెక్కలు చూసే పని నాది. సెప్టెంబరులో కౌన్సిల్ ముందు నివేదిక పెట్టేదీ నేనే. ఫలితం బాగుంటే హాలు శాశ్వతం. పాత భవనం అతిథిగృహం అయిపోతుంది.

నేను ఎగిరి గంతెయ్యాలి. ఈ ఆలోచన నాదే కదా. ఏళ్ల తరబడి కలాంబా సంతలో చేపల బుట్టల మధ్య తిరిగి తేల్చుకున్న సంగతి ఇది. మనుషులు ఒకరికొకరు ఎంత ఎక్కువగా ఎదురుపడితే కబురు అంత తొందరగా పాకుతుంది, బేరం అంత తొందరగా తెగుతుంది. కాగితాల్లో దాన్ని సాంద్రత అని రాస్తాను గానీ, నాలో నేను అనుకునేటప్పుడు చిక్కదనం అనే అనుకుంటాను. చిక్కగా ఉంటే మంచిది. పలచనైతే ఒట్టి నీళ్లే.

పాత భవనం మూడో అంతస్తులో చివరి గది అన్సెల్మోది. లెక్కల మనిషి. మీటింగుకి రాలేదు. ఎప్పుడొచ్చాడు గనక. రేపు నేనే చెప్పాలి.

జూన్ 10

మూడున్నరకి మెరియెండా చిరుతిండి పట్టుకుని ఎప్పట్లాగే మెట్లెక్కాను. పాకం పట్టి వేయించి పుల్లకి గుచ్చిన అరటిపండ్లు, రెండు పుల్లలు. పదకొండేళ్లుగా రోజూ ఎక్కుతున్నా నా మోకాళ్లకి మాత్రం ఆ మెట్లు అలవాటు కాలేదు.

హాలు సంగతి చెప్పాను. అన్సెల్మో చేతిలో సుద్దముక్క కింద పెట్టాడు.

"నేనూ కూర్చోవాలా అక్కడ?"

"అందరూ కూర్చుంటారు. నీకేమన్నా కొమ్ములున్నాయా?"

"కొమ్ముల్లేవు. చెవులున్నాయి. అదే బాధ."

ఇలా నవ్వించి తప్పించుకుందామని చూస్తాడు. నేను వదల్లేదు. నువ్వు చేసేదీ నేను చేసేదీ ఒకటే పని, ఒకచోట కూర్చుంటే నష్టమేమిటి అన్నాను. నిజమే కదా. బోర్డు మీద చుక్కలు పెడతాడు, చుక్కల మధ్య గీతలు గీస్తాడు. గీతలు పెరిగి పెరిగి ఒక హద్దు దాటి చిక్కబడ్డాయంటే, ఎవరు వద్దన్నా వాటిలో ఫలానా ఆకారం ఏర్పడి తీరుతుందట. ఆ హద్దు సరిగ్గా ఎక్కడుందో చెప్పాలని ఈయనగారి తంటాలు. నేను చుక్కల బదులు మనుషుల్ని పెట్టుకున్నాను, అంతే తేడా.

"ఒకటి కాదు లిగాయా," అన్నాడు. "హద్దు దాటాక ఏమవుతుందో నీకు కావాలి. నాకు హద్దుకి ఇవతలే ఇష్టం."

"ఇవతల ఏముందిట?"

"అవతలైతే జరిగి తీరుతుంది. ఇవతల జరగొచ్చు, జరక్కపోనూవచ్చు."

చల్లారిపోతోంది, తిను అన్నాను.

జూన్ 13

ఎవరెక్కడ కూర్చోవాలో ప్లాను వేసి డైరెక్టర్‌కి ఇచ్చేశాను. వరివాళ్ల పక్కన పురుగులవాళ్లు, చేపలవాళ్ల పక్కన నీళ్లవాళ్లు. లెక్కలకీ నా శాస్త్రానికీ దగ్గరి చుట్టరికం కాబట్టి అన్సెల్మో బల్ల నా బల్ల నుంచి మూడోది. ఇందులో నా ఇష్టాయిష్టాలేమీ లేవు. ఎవరు వేసినా ఇలాగే వేస్తారు.

చీమల మీద పనిచేసే ఫ్లోర్ ఆ కాగితం చూసి, "అబ్బో, ఆటె! ఎంత శాస్త్రీయంగా వేశావో!" అని పడీ పడీ నవ్వింది. నాకంటే పదేళ్లు చిన్నది. ఆటె ఆటె అని అక్కని చేసి పిలుస్తూనే నెత్తినెక్కి కూర్చుంటుంది. ఎందుకు నవ్విందో నాకేం అర్థం కాలేదు.

జులై 1

హాలు మొదటిరోజు. ఏసీ మరీ ఎక్కువగా ఉంది. సంతలో ఉన్నంత సందడి. నా కడుపు నిండిపోయింది.

పది గంటలకి రెండు కప్పుల కాఫీ కలుపుకుని ఒకటి అన్సెల్మో బల్ల మీద పెట్టాను. పెట్టానో లేదో, "ఉయ్యీ!" అని హాలంతా రాగం తీసింది. ఫ్లోర్ మొదలెట్టింది, ఇంకెవరు. చేపల ఎఫ్రెన్ యాభై ఏళ్లు దాటిన పెద్దమనిషి, మేమంతా అన్నలా చూసి కుయా అని పిలిచే మనిషి, ఆయన కూడా నోటితో పెళ్లి బాజా వాయించాడు. వరివాళ్లలో నాకు పేరైనా సరిగ్గా తెలియని పిల్ల ఒకతె, "మేడమ్, మాకు కాఫీ లేదా?" అంది. అందరూ గొల్లున నవ్వారు. మేం మనుషుల్ని ప్రేమగా చూసే పద్ధతే ఇది, ఇద్దరు ఒకచోట కనిపిస్తే చాలు ఏడిపిస్తాం. నేనూ ఎంతమందిని ఏడిపించలేదు! కాబట్టి నాకేం కోపం రాలేదు.

అన్సెల్మో చెవులు ఎర్రబడ్డాయి. "థాంక్యూ, మేడమ్," అన్నాడు.

పదకొండేళ్లలో నన్నెప్పుడూ మేడమ్ అనలేదు.

జులై 2

అతని బల్ల దగ్గరికి వెళ్లాల్సిన పనేమీ పడలేదు.

జులై 3

ఇవాళా పడలేదు.

జులై 9

మొదటి వారం లెక్కలొచ్చాయి. ఎదురుపడటాలు మూడింతలయ్యాయి. డైరెక్టర్ ఫోను చేసి, "లిగాయా, నువ్వు బంగారానివి!" అంది. ఇంకో శుభవార్త కూడా ఉంది. దిగువ మడిలో వరి ఎందుకు పసుపెక్కుతోందో రెండు సీజన్ల నుంచి బుర్ర బద్దలు కొట్టుకుంటున్న వరివాళ్లకి, వెనక కూర్చున్న పురుగులవాళ్ల మాటలు చెవినపడి కారణం తట్టిందట. ఇదే, సరిగ్గా ఇదే నేను చెప్తున్నది. గోడలుంటే ఆ మాట ఎలా చెవినపడేది?

అన్సెల్మో బాగానే ఉన్నాడు. రోజంతా బల్ల దగ్గరే కూర్చుంటున్నాడు. ఇక్కణ్ణించి చూస్తే అతని మెడ వెనక భాగం కనిపిస్తుంది. జుట్టు కత్తిరించుకోవాలి.

జులై 11

వర్షం. కుయా ఎఫ్రెన్ నా బల్ల అంచు మీద కూర్చుని సరస్సు కబుర్లు చెప్పాడు. లగూనా సరస్సులో వలలు కట్టి చేపలు పెంచేవాళ్లతోనే ఆయన జీవితమంతా గడిచింది.

"వలలో చేపపిల్లల్ని ఎక్కువ పోస్తే మొదటి నెల చూడాలి లిగాయా, నీళ్లు ఉడుకుతున్నట్టే ఉంటాయి. యజమాని ఫొటోలు తీసుకుని చుట్టాలందరికీ పంపుకుంటాడు. ఒకరోజు గాలి ఆడదు. అంతే. తెల్లారేసరికి అన్నీ పొట్టలు పైకి."

"మనం చేపలమా, కుయా?"

"కాదులే. మనం అరుస్తాం కదా, చచ్చేముందు."

పెద్దగా నవ్వాడు. నేనూ నవ్వాను. ఆయన శాస్త్రంలో చిక్కదనం అంటే ఊపిరాడకపోవడం, నా శాస్త్రంలో ఊపిరి పోయడం. ఒకే మాట. ఇది నివేదికలో వాడుకోవాలి, ముందుమాటకి బాగుంటుంది.

జులై 23

తుఫాను. సంస్థకి సెలవు. రాయడానికి ఏమీ లేదు. పాత భవనం మూడో అంతస్తు కిటికీలు ఎవరైనా మూశారో లేదో. బోర్డు మీదకి జల్లు కొడుతుంది.

మెరియెండాకి పన్సిత్ నూడుల్స్ చేసుకున్నాను. ఇద్దరికి సరిపడా అయింది. ఎప్పుడూ చెయ్యి అంతే పడుతుంది.

జులై 30

డైరెక్టర్ అతిథుల్ని తీసుకొచ్చి హాలు చూపించింది. "వినండి, వినండి, ఈ శబ్దమే మా సంస్థ గుండె చప్పుడు," అంది. ఆ సమయానికి అంత శబ్దమేమీ లేదు నిజానికి. అందరూ చెవుల్లో ఏవేవో పెట్టుకుని ఉన్నారు.

ఆగస్టు 6, బుధవారం

లెక్కల్లో ఒక వింత. మధ్యాహ్నం మూడున్నర నుంచి నాలుగింటి దాకా బిళ్లలు హాల్లోంచి మాయమైపోతున్నాయి. ఒకటి వెనక మెట్ల మీద, ఒకటి కార్లు నిలిపే చోట, ఒకటి జనరేటర్ షెడ్డు వెనక. ఒక్కోచోట ఒక్కొక్కటే. మెరియెండా వేళకి జనం గుంపుగా చేరాలి గానీ ఇలా చెదిరిపోవడమేమిటి? బిళ్లలు పాడయ్యాయనుకుని జనరేటర్ షెడ్డు దగ్గరికి వెళ్లాను.

అక్కడ తలకిందులు చేసిన బకెట్టు మీద కూర్చుని ఫ్లోర్ ఆకులో చుట్టి ఉడికించిన జిగురన్నం, సుమన్, తింటోంది. నన్ను చూసి దొంగలా ఉలిక్కిపడింది.

"రా, ఆటె, తిందువుగాని!"

"ఇక్కడేం చేస్తున్నావే?"

"ఏం చెయ్యను మరి? ఉన్నవి మూడు సుమన్లు. అక్కడ ఆకు విప్పితే కంటబడ్డ ప్రతివాళ్లనీ రా తిందాం అనొద్దూ? నలభై మంది! అందర్నీ పిలిచి, అందరూ లేదులే నువ్వు కానీ అనేసరికి చల్లారిపోతుంది. పిలవకుండా తింటే మా అమ్మ సమాధిలోంచి లేచొచ్చి చెంప పగలగొడుతుంది. అందుకని ఇక్కడికొచ్చి ఎవరికీ కనబడకుండా తింటున్నా."

కార్ల దగ్గరికి వెళ్లి చూశాను. కుయా ఎఫ్రెన్ అద్దాలన్నీ ఎక్కించుకుని బిబింకా రొట్టె తింటున్నాడు. నన్ను చూడనట్టు తల వంచుకున్నాడు, పాపం.

నవ్వుకుంటూ వెనక్కొచ్చాను. బల్ల దగ్గర కూర్చున్నాక నవ్వు పోయింది. పాత భవనంలో వరండాకి నలుగురో అయిదుగురో ఉండేవాళ్లం. నలుగుర్ని పిలిస్తే నలుగురూ వచ్చేవాళ్లు. సగం పరిశోధనలు ఆ పళ్లెం చుట్టూ పుట్టినవే. ఇక్కడ ఒకరి ఎదుట ఒకరం తినలేకపోతున్నాం. బిళ్ల మాత్రం మూడింతలు అంటోంది.

బిళ్లకి దగ్గరే తెలుసు. మాట తెలియదు. ఈ తేడా మరిచి ఎవరైనా మొదటి ఏడాది విద్యార్థి రాసుంటే మార్కులు కోసేసేదాన్ని.

ఆగస్టు 7

అంత కంగారు పడాల్సిన పనిలేదు. మెరియెండా వేళ ఒక్కటీ తీసేస్తే మిగతా లెక్క బాగానే ఉంది.

ఆగస్టు 8

బాగా లేదు. ఫ్లోర్ సాయంత్రం నన్ను పక్కకి లాగింది.

"ఆటె, నీకు తెలీదా? సర్ అన్సెల్మో స్వచ్ఛంద విరమణకి కాగితాలు తెచ్చుకున్నాడట. కౌన్సిల్ హాలు శాశ్వతం అంటే ఆ మర్నాడే సంతకం పెట్టి బతాక్‌లో తమ్ముడింటికి వెళ్లిపోతాడట."

"ఎవరు చెప్పారు నీకు?"

"ఆయనే చెప్పాడు. నీకూ చెప్పాడనుకున్నా. మీరిద్దరూ..." అని ఆగింది. మొదటిసారి నన్ను ఏడిపించలేదు.

బతాక్ ఉత్తరాన ఉంది. బస్సులో రాత్రంతా ప్రయాణం. అక్కడికి వెళ్లినవాళ్లు ఇక్కడికి ఎందుకొస్తారు, చావులకి తప్ప.

నాకు చెప్పలేదు. మూడు బల్లల అవతల కూర్చుని నాకు చెప్పలేదు. ఒళ్లు మండిపోతోంది.

ఆగస్టు 12

జీప్నీ బండి ఎక్కేచోట పట్టుకున్నాను. గొడుగు కింద నిలబడి ఉన్నాడు. అక్కడ మమ్మల్ని చూసి రాగాలు తీసేవాళ్లెవరూ లేరు.

"వెళ్లిపోతున్నావటగా. చెప్పాలనిపించలేదా?"

"ఎలా చెప్పను? నిన్ను చూసి నెల దాటింది."

"రోజూ చూస్తున్నావు! నీ మెడ నాకు నోటికొచ్చేసింది!"

"అది కనబడటం," అన్నాడు.

జీప్నీ ఒకటి వచ్చి వెళ్లిపోయింది. ఎక్కలేదు. పని ఎలా ఉంది అని అడిగాను. చుక్కలు పెడుతున్నాను, గీత ఒక్కటీ పడటం లేదు అన్నాడు. ఒక మెట్టు మీద నిలబడి పైమెట్టు కోసం చెయ్యి చాపుతానట, ఇంతలో ఎవరో తుమ్ముతారు, ఎవరో పుట్టినరోజు పాట పాడతారు, మళ్లీ కిందికొచ్చి పడతాడట. ఇప్పటికి చాలా దగ్గరికి వచ్చాను, ఆ గది ఉంటే ఈ ఏడాది తేల్చేసేవాణ్ణేమో అన్నాడు. ఎవరి మీదా కోపం లేకుండా, వాన గురించి చెప్పినట్టు చెప్పాడు. అదే నాకు భరించడం కష్టమైంది.

"బల్ల మార్పిస్తాను. మూల వేయిస్తాను," అన్నాను.

"ఈ మూడో బల్ల ఎవరు వేశారు, లిగాయా?"

"ప్లాను ప్రకారం పడింది."

"ఓహో," అన్నాడు. రెండో జీప్నీ ఎక్కేశాడు.

ఆగస్టు 13

అతన్ని నా దగ్గర కూర్చోబెట్టుకోవాలనుకున్నాను. నలభై మందిని కదిలించాను దానికోసం. ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను.

ఆగస్టు 20

లెక్కలన్నీ మొదటినుంచి మళ్లీ వేస్తున్నాను. ఈసారి అందర్నీ ఒకే గాటన కట్టకుండా, ఎవరి శాస్త్రం వాళ్లదిగా.

వరివాళ్లకి, పురుగులవాళ్లకి హాలు నిజంగా మేలు చేసింది. అది కొట్టెయ్యడానికి వీల్లేదు. వాళ్ల పని నలుగురి కళ్లతో సాగే పని. ఒకరు చూసింది ఇంకొకరి చెవిన పడాలి, అరకొర మాట చాలు. కుయా ఎఫ్రెన్ వాళ్లకి హాలైనా ఒకటే, పడవైనా ఒకటే. ఫ్లోర్ చెప్పింది ఇంకా బాగుంది. చీమలన్నీ ఒకేసారి సొరంగంలో దూరితే మట్టి బయటికి రాదట, అందుకని పుట్టలో సగం చీమలు ఊరికే నిలబడి ఉంటాయట. "జనం వాటిని సోమరిపోతులంటారు ఆటె, అవి దారి ఇస్తున్నాయి. అవి కూడా కష్టపడ్డాయనుకో, పుట్ట మునుగుతుంది." ఇక లెక్కలవాళ్లు. వాళ్లకి రోజుకి ఒక మనిషి ఎక్కువే. కానీ ఆ ఒక్క మనిషీ చాలాసేపు ఉండాలి, లేదా అసలు రాకూడదు.

పాలు చిక్కగా ఉండాలి, చారు పలచగా ఉండాలి. రెండూ ఒకే గిన్నెలో పోసి ఎంత చిక్కగా ఉందో చూడండి అని కౌన్సిల్‌కి చెప్పబోయాను నేను.

ఆగస్టు 27

ఈ నివేదిక పెడితే రెండో దశకి మంజూరు కావాల్సిన నా ప్రాజెక్టు పోతుంది. హాలు నా ప్రాజెక్టు. హాలు పనికిరాదని నేనే చెప్తే ఎవరిస్తారు?

పెట్టకపోతే బతాక్ బస్సు.

అతని కోసం కాదు, శాస్త్రం కోసం పెడుతున్నాను అని రాసి కొట్టేశాను. రెండిటికోసమూ.

సెప్టెంబరు 3, బుధవారం

కౌన్సిల్. డైరెక్టర్ ముందుగా లేచి, "అంకెలు అద్భుతం. మా లిగాయా వివరిస్తుంది," అని చప్పట్లు కొట్టించింది. చప్పట్లు అయ్యేదాకా నిలబడి, ఈ అంకెలు దగ్గరగా వచ్చిన ముక్కుల లెక్క, మాటల లెక్క కాదు అని మొదలుపెట్టాను.

జనరేటర్ షెడ్డు గురించి చెప్పాను. పేర్లు చెప్పలేదు. బకెట్టు మీద కూర్చుని తినడం అనగానే కౌన్సిల్లో ముగ్గురు నేలచూపులు చూశారు. వాళ్లూ ఎక్కడో దాక్కుని తింటున్నట్టున్నారు.

"అంటే నీ పరిశోధన నువ్వే తప్పంటున్నావా?" అంది డైరెక్టర్.

"ప్రశ్న తప్పంటున్నానండి. ఎంత చిక్కగా ఉంటే మంచిది అని అడిగాం. ఎవరికి, ఏ పనికి అని అడగాల్సింది."

"ఇది జూన్‌లో ఎందుకు తోచలేదు నీకు?"

"జూన్‌లో నాకు హాలు కావాల్సొచ్చిందండి. అందుకని తోచలేదు."

ఎందుకు కావాలో ఆవిడ అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో తెలియదు. వెనక వరసలో అన్సెల్మో కూర్చుని ఉన్నాడు. కౌన్సిల్‌కి ఎప్పుడూ రానివాడు ఇవాళే వచ్చాడు.

రెండు గంటలు వాదించుకున్నారు. వరివాళ్లూ పురుగులవాళ్లూ హాలు ఉంచమన్నారు, న్యాయమే. చివరికి తేలింది ఏమిటంటే, కావాలన్నవాళ్లకి హాలు, ఒంటరిగా పనిచేసేవాళ్లకి పాత భవనం పై అంతస్తు. నా బల్ల హాల్లోనే. రెండో దశ ప్రాజెక్టు "మళ్లీ ఆలోచిద్దాం". ఆ మాటకి అర్థం నాకు తెలుసు. బయటికొస్తుంటే డైరెక్టర్ నా మొహం చూడలేదు.

ఫ్లోర్ గట్టిగా కావలించుకుంది. "ఇంక కాగితాలు చింపేస్తాడులే, ఆటె," అంది చెవిలో.

సెప్టెంబరు 5

చింపేశాడట. పెట్టెలు పై అంతస్తుకి ఎక్కుతున్నాయి. సర్దుకోనిద్దాం, తర్వాత వెళ్తాను.

సెప్టెంబరు 11, గురువారం

వెళ్లాను. గది మళ్లీ గదిలా ఉంది. బోర్డు నిండా గీతలు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఆ రోజు అలా మాట్లాడినందుకు కృతజ్ఞుణ్ణి అన్నాడు. అలాంటి పెద్ద మాటలు అతనికి అతకవు, నాకు సిగ్గేసింది.

నేను ఎంతో పెద్దమనిషి తరహాగా అడిగాను. "చూడు, నివేదికలో రాసినవన్నీ ముందు నేను పాటించాలి. నీకు ఎన్నిసార్లు రావడం సరిపోతుంది? మొహమాటం లేకుండా చెప్పు."

మొహమాటం లేకుండా, ఎప్పట్లాగే రోజూ రా అంటాడనుకున్నాను. దానికోసమే అడిగాను.

అన్సెల్మో చాలాసేపు పైకప్పు చూశాడు. లెక్క అడిగితే లెక్కలాగే చూస్తాడు, ఏం మనిషో.

"బుధవారాలు," అన్నాడు.

"బుధవారాలా?"

"వారానికి ఒకటి. బుధవారం."

నా చేతిలో అరటిపండ్ల పొట్లం ఉంది. దాన్ని బల్ల మీద విసిరినంత పని చేశాను. "పదకొండేళ్లు! రోజూ ఆ మెట్లెక్కి వచ్చాను! అన్నాళ్లూ బరువైపోయానా? అప్పుడెందుకు నోరు పెగల్లేదు?"

"నువ్వు అడగలేదు. ఎన్నిసార్లు అని ఇవాళే అడిగావు."

"నేను వచ్చేది గంటసేపు. ఆ గంటలో నీ పనికేం కొంప మునిగిపోతుంది?"

"గంట కాదు, లిగాయా. నువ్వు వెళ్లిపోయాక కూడా ఉంటావు."

"అంటే?"

"అంటే అంతే. నాకు ఇంతకంటే చెప్పడం రాదు."

సరే, బుధవారం, అని చెప్పి మెట్లు దిగేశాను. పాత భవనం గుమ్మంలో నిలబడి ఏడ్చాను. ప్రాజెక్టు పోగొట్టుకుని, డైరెక్టర్‌తో చెడగొట్టుకుని, ఆ మనిషికి గది సంపాదించి పెట్టి, ఆ గదిలోంచి వారానికి ఆరు రోజులు నన్ను నేనే గెంటేసుకున్నాను. కౌన్సిల్లో నిలబడి నిరూపించింది కూడా నేనే.

సెప్టెంబరు 12

ఫ్లోర్‌కి చెప్పాను. నేను వెళ్లిపోయాక కూడా ఉంటానట, అంత నస పెడతానన్నమాట అన్నాను.

ఫ్లోర్ నన్ను కాసేపు తేరిపార చూసింది. "ఆటె, నా చీమలకున్న బుర్ర కూడా లేదే నీకు!"

సెప్టెంబరు 13

వెళ్లిపోయాక కూడా ఉంటావు.

సెప్టెంబరు 14, ఆదివారం

చర్చిలో ప్రసంగం ఒక్క ముక్క వినలేదు.

సెప్టెంబరు 16

ఏమీ లేదు. జుట్టు కడుక్కున్నాను.

సెప్టెంబరు 17, బుధవారం

మూడో అంతస్తు తలుపు బార్లా తెరిచి ఉంది. అన్సెల్మో జుట్టు కత్తిరించుకున్నాడు. నేను కూర్చోకముందే మొదలుపెట్టి, ఎక్కడ ఏ గీత పడిందో, ఏది పడలేదో, బతాక్‌లో తమ్ముడు ఏమని తిట్టాడో, కిటికీ మీద వాలే పిట్ట సంగతీ, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పాడు. ఇన్నేళ్లలో అంత మాట్లాడటం నేను వినలేదు. రోజూ వెళ్లేటప్పుడు నేనే మాట్లాడేదాన్ని, అతనికి సందు దొరికేది కాదు కాబోలు.

"అయితే పని బాగా సాగుతోందన్నమాట," అన్నాను. కొంచెం ఈర్ష్యగానే అన్నాను.

"బ్రహ్మాండంగా సాగింది. సోమవారం దాకా."

"మంగళవారం ఏమైంది?"

సుద్ద చేతులు తుడుచుకుంటూ బోర్డు వైపు చూశాడు, నా వైపు కాదు.

"మర్నాడు బుధవారం కదా. పొద్దున్నించీ ఒక్క గీత గీయలేకపోయాను."

లేచి వెళ్లి బోర్డు పక్కన నిలబడ్డాను. అతను జరగలేదు, నేనూ జరగలేదు. కిటికీ అవతల, హాల్లో ఎవరో పుట్టినరోజు పాట పాడుతున్నారు. ఇద్దరం అలాగే నిలబడి ఆ పాట అయిపోయేదాకా విన్నాం.